మగ్గం గుంటలో చెప్పులు

శ్రావణ మంగళవారం

దొంగ వారసుల మీద రాసిన పాత ఇంగ్లిష్ డిటెక్టివ్ నవలలంటే నాకెందుకంత పిచ్చో ఈరోజు తెలిసింది. వాటిలో మోసగాడు కష్టపడతాడు. చచ్చినవాడి సంతకం, నడక, చిన్నప్పటి కుక్క పేరుతో సహా బట్టీ పడతాడు. మా మరిదికి ఆపాటి ఓపిక కూడా లేదు.

పుట్టి బుద్ధెరిగాక ఒక్క చీర నేయని బట్టల షాపువాడు, హైదరాబాద్ నుంచి నేతపని మీద వీడియో తీయడానికి వచ్చినవాళ్ల ముందు చెప్పులతోనే మగ్గం గుంటలో కాళ్లు పెట్టాడు! మా మామయ్య జ్వరంలో కూడా చెప్పులు బయట విడిచి, మగ్గానికి మొక్కితే గానీ కూర్చునేవారు కాదు.

"గీ చీర నేనే నేస్తున్న సార్. కావాల్నంటే మా వదినెను అడుగుండ్రి," అన్నాడు సిగ్గులేకుండా. నెల రోజులుగా నేను నేస్తున్న చీర అది.

నవలల్లో ఇలాంటప్పుడు ఎవరో ఒకరు లేచి నిజం చెప్పేస్తారు. నేను అవునని తలూపాను.

ఆ నవలల్లోనే మోసగాడికి ఇంటి గుట్లన్నీ నూరిపోసే మనిషి ఒకరుంటారు. వాళ్లంటే నాకు ఇంకా అసహ్యం. అడిగితే కాదనలేక, నిన్నంతా వీడికి పడుగులోంచి పేక దారం దాటించే నాడె విసరడం నేర్పింది నేనే. చెప్పుల సంగతి మాత్రం చెప్పలేదు. మరిచిపోయానా, కావాలనే వదిలేశానా... ఒక్కరైనా పట్టుకుంటారేమోనని అందరి మొహాలూ చూస్తూ నిలబడ్డాను.

వాళ్లు చప్పట్లు కొట్టారు.