థ్రేల్‌బీ గోపురం బీటపై అతికించిన మూడో గాజుముక్క

థ్రేల్‌బీ, నార్ఫోక్
13 మే 1998, బుధవారం

ఈ ప్రాంతపు చర్చిలపై అధికారి, మహారాజశ్రీ ఆర్చ్‌డీకన్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: సెయింట్ బొటాల్ఫ్ చర్చి గుండ్రటి గోపురంలో ఈ నెల 16వ తేదీ శనివారం పెళ్ళికి మోగించబోయే గంటలను నిలుపుదల చేయించుట గురించి.

ఈ ఊరి కాపురస్థుడు, రిటైరైన జిల్లా పత్రిక విలేకరి, ఇదే చర్చికి లోగడ పద్నాలుగేళ్ళు కట్టడం బాగోగులు చూసే వార్డెన్‌గా పనిచేసిన సిరిల్ గెడ్జ్ వ్రాసుకొను అర్జీ.

1. సదరు గోపురం సుమారు తొమ్మిది వందల ఏళ్ళ నాటిది. పొలాల్లో ఏరిన చెకుముకిరాళ్ళను సున్నం గారలో పేర్చి కట్టారు. మూలకు పెట్టే చెక్కుడురాయి ఈ ప్రాంతంలో దొరకదు కనుక గుండ్రంగా కట్టారు. అడుగున గోడ మందం నాలుగడుగులు. పైనున్న ఎనిమిది పలకల అంతస్తు నాలుగు వందల ఏళ్ళ తర్వాత చేర్చినది. అందులో ఆరు గంటలున్నాయి. పెద్దది ఐదు వందల అరవై కిలోలు.

2. సున్నం గోడ తాగిన నీటిని తిరిగి బయటికి వదులుతుంది. 1971లో బయటివైపు సందులన్నీ సిమెంటుతో పూడ్పించారు. అప్పటినుంచి నీరు లోపలే నిలిచి, గార నాని ఇసుకైంది. పడమటి గోడ పొట్ట వేసింది. కింది కిటికీ నుంచి గంటల అంతస్తు దాకా బీట తీసింది. సిమెంటు వేయించాలన్న తీర్మానం మీద మొదటి సంతకం నాది. తడి కనబడకపోతే తడి లేదనుకున్నాము.

3. బీట కదులుతున్నదీ లేనిదీ తెలియడానికి మార్చి 8న దానికి అడ్డంగా పలుచటి గాజుముక్క అతికించాను. మా డాక్టరు గారు ఇచ్చిన సూక్ష్మదర్శిని పలక అది. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఈస్టర్ ఆదివారం గంటలు కొట్టాక పగిలింది. మర్నాడు రెండోది అతికించాను. ఏప్రిల్ 29న, ప్రతి బుధవారం జరిగే గంటల సాధన ముగిశాక అదీ పగిలింది. 30న మూడోది అతికించాను.

4. మూడోది పగలలేదు. గంటల బృందానికి పెద్ద అయిన మ్యూరియల్ థర్టల్, మొన్న ఆదివారం ఆరాధన కాగానే దాన్ని పాస్టరమ్మ గారికి చూపించింది. అయిదు ఊళ్ళ చర్చిలు చూసుకునే పాస్టరమ్మ గారు నాతో ఇలా అన్నారు: "గాజు నిక్షేపంగా ఉంది కదా సిరిల్ గారూ. ఆర్చ్‌డీకన్ గారు వద్దంటే తప్ప ఒక పిల్ల పెళ్ళిలో గంటలు నేనెలా ఆపిస్తానండీ?"

5. సోమవారం నిచ్చెన వేసుకుని చూశాను. అది నేను అతికించిన గాజు కాదు. పటం అద్దంలోంచి కోసిన ముక్క. జిగురు ఇంకా వేలికి అంటుతోంది.

6. మ్యూరియల్ నా చెల్లెలు. పెళ్ళికూతురు దాని మనవరాలు. అడగ్గానే ఒప్పుకుంది.

"అవునన్నయ్యా, నేనే మార్చాను. అయితే ఏంటి?"

"నాది పగిలిందా?"

"రెండు ముక్కలైంది. శనివారం దాకా నోరు మూసుకోలేవా? తొమ్మిదొందల ఏళ్ళు నిలబడ్డది, మూడు గంటల సేపు నిలబడదా? గంటలు మోగితే గోపురం ఊగుతుంది, ఊగాలి కూడా. తాళ్ళు లాగేవాళ్ళనడుగు."

"ఊగడం వేరు, బీట విచ్చుకోవడం వేరు."

"నువ్వు పేపర్లో ఉన్నన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఒక్క గోడ కూలలేదు. పనిలేక ఇప్పుడు కూలుస్తున్నావు."

మా ఇంటి పెళ్ళిళ్ళకు మూడు గంటల సేపు ఎడతెగకుండా, వరస తప్పకుండా కొట్టడం మా తాత నాటి ఆచారం. మ్యూరియల్ పెళ్ళికి పెద్ద గంట తాడు లాగింది నేనే. ఈసారి అది లాగుతుంది. ఆ తాడు దగ్గర నిలబడే మనిషి వీపు పడమటి గోడకు రెండడుగుల దూరంలో ఉంటుంది.

7. కావున తాము శుక్రవారం లోపు స్వయంగా వచ్చి బీటను చూడవలెననీ, ఇంజనీరు చూసి చెప్పేవరకు గంటలు కదపరాదని వ్రాతపూర్వకంగా ఉత్తరువు ఇవ్వవలెననీ, ఆ పిమ్మట సిమెంటు గీకి సున్నం పెట్టుటకు అనుమతి దయచేయవలెననీ వేడుకుంటున్నాను. పెళ్ళి ఆపమని నేను కోరడం లేదు. పెళ్ళి జరిగే చోటు చర్చి లోపల తూర్పు కొసన, గోపురానికి ఎడంగా ఉంది. రెండు పగిలిన పలకలు, చెల్లెలు అతికించిన ముక్క ఇందుతో జతపరిచాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సిరిల్ గెడ్జ్

తా.క.: ఈ ఉదయం నాలుగో పలక అతికించి, అర్జీ రాయడానికి ఇంటికి వచ్చాను. ఇప్పుడే వెళ్ళి చూశాను. పగిలి ఉంది. ఈ రోజు ఒక్క గంటా మోగలేదు.

గోపురం తలుపుకు తాళం వేశాను. ఆ అధికారం నాకు లేదని తెలుసు. తాళంచెవి ఈ కవరులోనే పెడుతున్నాను. రెండోది 1953 నుంచి కనబడడం లేదు. సాయంత్రం సాధన ఉంది కనుక మ్యూరియల్ వచ్చి నా వీధి తలుపు బాదుతోంది. "తాళం ఇవ్వు, సిరిల్!" అంటోంది. ఎప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. పెరటి దారిన వెళ్ళి ఇది పోస్టు డబ్బాలో వేసి వస్తాను. ఆ తర్వాత తలుపు తీస్తాను.