గుడ్డపీలికల వేళ్లు

1988 మే

అలన్‌బీ గారికి,

మా అమ్మమ్మను మీరు మగవాణ్ణి చేశారు. ఈ శనివారం మేయరు తెర తీయబోయే మీ మ్యూజియం ఫొటో కింద, "1907, మన బీచ్‌లో తెల్లవేషాల పాటగాళ్లు. అందరూ మగవాళ్లే. మూడో యువకుడి వేళ్లకు గాయం" అని రాయించారు.

గాయమూ కాదు, యువకుడూ కాదు. హెర్రింగ్ చేపలు చీరే ఆడవాళ్లు కత్తికి తెగకుండా వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకునేవారు. మా అమ్మమ్మ డోర్కస్ పికర్స్‌గిల్ పొద్దున్న రేవులో చేపలు చీరేది. మధ్యాహ్నం ఆ పీలికలు విప్పే తీరిక కూడా లేక, మొహాన తెల్లపొడి పూసుకుని ఇసుకలో పాడేది. బృందంలోకి ఆడదాన్ని రానివ్వరు గనక మగవేషం కట్టింది. అప్పుడంటే పొట్టకూటి కోసం దాక్కుంది. ఇప్పుడు మీరెందుకు దాస్తున్నారు?

ఫోన్లో అడిగితే, "పొడి కింద ఎవరున్నారో ఎవరికి తెలుసమ్మా!" అని నవ్వారు. పక్కనే ఉన్న మా అమ్మకు ఎనభై ఏళ్లు. "నాకు తెలుసని చెప్పవే. ఎంత పొడి పూసినా మా అమ్మ దగ్గర చేపల వాసన వచ్చేది. ఆ ఒళ్లో కూర్చున్నది నేనే, ఆయన కాదు!" అంది. శనివారం వస్తానని పట్టుబట్టింది. ఆ అబద్ధం చదివించడానికి ఆమెను తీసుకురాలేను.

కాబట్టి:
ఆ రాత పీకేయండి.
"డోర్కస్ పికర్స్‌గిల్, చేపలు చీరిన మనిషి, గాయని" అని రాయండి.
"అందరూ మగవాళ్లే" అన్నది తప్పని అందరి ముందూ చెప్పండి.
తెర తాడు మా అమ్మ చేతికివ్వండి.