మలుపులో ఈల

పెద్దదాని అమ్మకు, నేను బాగానే ఉన్నాను, దగ్గు కూడా నాతోపాటు బాగానే ఉంది.

నిన్న మన పరిహారం కేసు విచారణకు వచ్చింది. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టరుగారు చెప్పారు. కంపెనీ లాయరు మాత్రం "ఈ ఆయాసం ఎప్పటినుంచయ్యా? మా మిల్లులో చేరకముందే ఉందేమో!" అని పట్టుకున్నాడు. "రాళ్ళు కోసేవాణ్ణి బాబూ, దగ్గు పుట్టినరోజు రాసిపెట్టుకోలేదు" అన్నాను. అందరూ నవ్వారు గానీ కేసు వాయిదా పడింది. ఆయాసం ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్ళు చెప్పినా చెల్లుతుందని మన లాయరు అంటున్నాడు.

నేను దిగిన గదికి మేడమెట్లు మూడుచోట్ల ఆగి ఎక్కుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. మిల్లులో చేరిన కొత్తలో, డ్యూటీ దిగి మన వీధి మలుపు తిరగ్గానే ఈల వేసేవాణ్ణి కదా. అది విని నువ్వు స్నానానికి వేన్నీళ్ళు తోడేదానివి. "వీధి వీధంతా వినాలా, సిగ్గులేకపోతే సరి!" అని తిడుతూనే నవ్వేదానివి. తర్వాత్తర్వాత ఈలకు ఊపిరి చాలలేదు. అది ఏ ఏడో ఆలోచించి వెంటనే రాయి. పెద్దది బడిలో చేరకముందా, చిన్నది పుట్టాకా?

వంటింటి కొళాయి కారడం ఆగిందా? చిన్నదాని కళ్ళజోడు మార్పించు. అత్తయ్యగారికి నమస్కారాలు, పిల్లలిద్దరికీ దీవెనలు.

ఈల ఎప్పుడు ఆగిందో నాకు తెలియకపోవడంలో నీ తప్పూ ఉంది. నీళ్ళు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు నువ్వు.