మెడకు పట్టీ కట్టకండి

అల్లుడుగారూ,

నేను కుట్టు షాపుకి వెళ్తున్నాను. మీ అత్తగారు వచ్చేదాకా కుక్కపిల్లని మీరే చూడాలి, వేరే దిక్కు లేదు. నాలుగు గంటలకోసారి దాన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పండి. ఎత్తేటప్పుడు ఛాతీ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వెయ్యండి. మెడకు మాత్రం ఆ తోలు పట్టీ కట్టకండి. ఆపరేషన్ కుట్లు అక్కడే ఉన్నాయి.

ఏడాది నిండని పిల్ల నడవలేక తూలుతుంటే "నాటకాలాడుతోంది" అని నెల రోజులు మీరు పట్టీ పట్టి ఈడ్చారు. మెడ ఎముక వెన్నుపామును నొక్కేస్తోందని డాక్టరమ్మ స్కానింగ్ ఫోటోలో చూపించింది. అప్పుడూ "సూదేసి పైకి పంపించేద్దాం మామయ్యా" అన్నారు. "ఆపరేషన్‌కి సంతకం నేను పెడతా, మీరు బయటికి నడవండి" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను. ఇంటల్లుడు కాబట్టి గారు అంటున్నాను, అంతే.

ఇంకోటి. నిన్న సాయంత్రం మీరు దాని వంక చూడకుండానే గదిలోకి వెళ్ళిపోయారు. మీరు మెట్లెక్కే చప్పుడుకి అది తోక కదిలించింది. ఆపరేషనయ్యాక అదే మొదటిసారి. ఆరు రోజులు ఆస్పత్రిలో దాని పక్కన కూర్చున్నది నేను. నాకోసం ఒక్కసారీ కదిలించలేదు.