పుట్టీల అంచు, మెడ పట్టీ

గద్వాల్

డాక్టర్ సుహాసినమ్మకు నేతగాడు నాగన్న దండాలు.

మెడ నొప్పి చూడనీకి మీ దవాఖానోళ్లు మా ఇంటికొచ్చి, నేను నేస్తుంటే వీడియో తీసిండ్రు. మీ ఏఐ మిషన్ నా మెడ అరిగిందన్నది. నిజమే, సంతోషం! కానీ ఆ వీడియోల ఉన్నది బయటపడితే నా బతుకు పోతది. ఎవ్వరికీ చూపొద్దు. ఆ పొద్దు ఇంట్ల నా బామ్మర్ది సాయన్న తప్ప ఎవ్వరు లేరు. వాడు మనోడే.

మీ నాగన్న

తా.క. అదేందో ఇక్కడ రాయను. మా పోస్ట్‌మ్యాన్ నేతోళ్ల అల్లుడు.

*

నాగన్న గారికి నమస్కారం.

చొక్కా లేకుండా ఉన్నారని సిగ్గుపడకండి. మీ ముఖం, పేరు పూర్తిగా తీసేశాం. మెడ నుంచి కింది భాగం మాత్రం ఉంచి, దాంతోనే మిషన్‌కు మెడ జబ్బు గుర్తుపట్టడం నేర్పిస్తున్నాం.

ఇట్లు, సుహాసిని

తా.క. మీ వీపు మీద పుట్టుమచ్చ కూడా చెరిపేశాం.

*

డాక్టరమ్మా! ఎంత పని చేసినవు!

నా ముఖం ఆత్మకూరు బస్సు మీద అతికించుకో, నాకేం? మెడ కింద నా చీరుంది! బీచుపల్లి కాడ కృష్ణల గుండ్రటి పడవలు, పుట్టీలు, వరుసగ పోయినట్టు జరీ అంచు, నేను కొత్తగ కనిపెట్టినది. మగ్గం దిగేదాకా మేం ఎవ్వరికీ చూపం. ముందెవడు దించితే అంచు వాని పేరు మీదనే నిలుస్తది. ఊళ్లె ఇంకెవడో పుట్టీలు నేస్తున్నడని చీరలు కొనే సేటు చెప్పిండు. నీ మిషనే చెప్పింది!

పరేషాన్‌ల, నాగన్న

తా.క. ఆ పుట్టుమచ్చ అదృష్టమని నా పెండ్లాం ఇందిరమ్మ అంటది. తిరిగి పెట్టుండ్రి.

*

నాగన్న గారికి,

క్షమించండి. మిమ్మల్ని సరిగా అడగకుండానే వాడుకున్నాం. వీడియో మొత్తం తీసేశాం. అది మా దగ్గర నుంచి బయటికి పోలేదు. కానీ ఒక వింత జరిగింది. మీ ముఖం తీసేశాక మిషన్‌కు కళ్లు చెదిరేలా కనబడినవి పుట్టీలే. పుట్టీలుంటే మెడ జబ్బేనని నేర్చుకుంది! నిన్న మరో నేతగాని వీడియో వచ్చింది. మెడ చక్కగా ఉంది. మిషన్ మాత్రం అరిగిపోయిందంది. చూస్తే ఆయన మగ్గం మీద మీ అంచు! మేం ఆపేలోపే రిపోర్టు ఆయన ఫోన్‌కు పోయింది. మెడ పట్టీ కొనుక్కున్నారట. జబ్బు లేదని ఉత్తరం రాస్తున్నాను.

సుహాసిని

తా.క. ఆయన పేరు చెప్పలేను. మీ గుట్టు ఎంతో, ఆయన గుట్టూ అంతే.

*

డాక్టరమ్మకు శతకోటి దండాలు!

పేరు చెప్పకు తల్లీ, నీ మాట నిలబెట్టుకో. పొద్దుగాల సాయన్న ఇంటికొచ్చిండు, మెడకు ఇంత లావు పట్టీ! "ఏమైందిర?" అంటే, "మెడ అరిగిందట బావా, మిషన్ చెప్పింది. నీ అసుంటి జబ్బే" అన్నడు. జాగ్రత్త బిడ్డా అని చాయ్ పోసిన.

ఎన్నటికీ నీ నాగన్న

తా.క. ఆ పట్టీ ఉన్నన్ని దినాలు వాడు మగ్గం మీదికి వంగలేడు. నాకింక మూరెడే మిగిలింది. వాని ఉత్తరం జర నిదానంగ పోస్ట్ చెయ్యి.