సరళ పట్టుకెళ్లిన మూలమట్టం

గురువారం, రాత్రి.

మా సరళ ఉద్యోగం పర్మినెంట్ అయ్యింది! ఇవాళ బడిలో పెద్ద మేడం గారి ఎదుట నాలుగో తరగతికి త్రిభుజాల పాఠం చెప్పి నెగ్గింది నా తల్లి. పోయినసారి ఇక్కడే ఓడింది పాపం. లంబకోణ త్రిభుజాన్ని మేడం గారు కాస్త పక్కకి తిప్పేసరికి, పిల్లలంతా అది లంబకోణ త్రిభుజం కాదన్నారట.

ఈసారి నా వడ్రంగం పెట్టెలోంచి, తలుపుల మూలలు సరిచూసే మూలమట్టం పట్టుకెళ్లింది. అట్టతో కత్తిరించిన త్రిభుజాల మూలలు పిల్లల చేతే అందులో పెట్టించిందట. ఒక మూల సరిగ్గా ఇమిడితే లంబకోణ త్రిభుజం, ఒక మూల పట్టనంత వెడల్పుంటే అధికకోణ త్రిభుజం, మూడింటికీ సందు మిగిలితే అల్పకోణ త్రిభుజం. మేడం గారు మళ్లీ తిప్పారు.

"తలకిందులు చేసినా మూల అదేనండి, కావాలంటే పెట్టి చూడండి" అందట ముందు బెంచీ పిల్ల!

సాయంత్రం దాకా నాకొకటే భయం, ముప్పై ఏళ్ల మూలమట్టం అరిగి నూలుపోగంత తేడా వచ్చిందేమోనని. సరళకి చెబితే నవ్వింది.

"నీ మట్టం తప్పితే ఈ ఊళ్లో ఒక్క తలుపైనా సరిగ్గా పడేదా నాన్నా?"

ఆర్డరు కాగితం సోమవారం ఇస్తారట. అది చేతికొచ్చేదాకా ఆగాలేమో... నా వల్ల కాదు.

రేపు ఫోన్ చేయాల్సింది మొగల్తూరు అక్కకి, రావులపాలెం తమ్ముడికి, వాడి మామగారికి. పట్టిసీమ బావకి మాత్రం ఫోన్ కాదు. "రంపం పట్టే ఇంట్లో లెక్కల టీచరేంటి" అన్నాడుగా, మూలమట్టం చంకన పెట్టుకుని నేనే బస్సెక్కుతాను.