కురిడీల షెడ్డు, అందులో పొద్దుటి పేపరు చదువు ఎవరికి చెందుననగా

అంబాజీపేట కాపురస్తుడను, పెచ్చెట్టి వీరవెంకటరమణను, వయస్సు యాభై నాలుగు. వచ్చే సోమవారం కాకినాడలో గుండె ఆపరేషనుకు వెళ్ళబోతూ, ఎవరి బలవంతమూ లేక, తెలివి తిన్నగా ఉండగా, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా. నా తెలివి మీద నా భార్య అన్నగారు రామ్మూర్తి గారికి మొదటినుంచీ అనుమానమే గనుక డాక్టరు సర్టిఫికెట్టు జతపరిచాను. దీన్ని అమలు జరిపించవలసినవారు మా ఊరి బడి క్రిస్టీనా టీచరు గారు. ఆవిడ నా మాట ఏదీ వెంటనే నమ్మరు, అందుకే ఆవిణ్ణి పెట్టుకున్నాను.

1. ఇల్లు, పెరడు, బ్యాంకులో ఉన్నది నా భార్య సత్యదుర్గకు సర్వహక్కులతో చెందును. నా కళ్ళజోడు కూడా. "నా కళ్ళకేం, బాగానే ఉన్నాయండీ" అంటూ ఇన్నేళ్ళూ దాంతోనే బియ్యం ఏరింది.

2. అమలాపురంలో తూకానికి కొన్న, అట్ట లేని వార్తాపత్రికల చరిత్ర పుస్తకం మా షెడ్డులో ఎండుకొబ్బరి కురిడీలు ఏరే సూరమ్మకు. ఆమెకు చదువు రాదు. రోజూ పొద్దున్న షెడ్డులో పనివాళ్ళకి పేపరు చదివి వినిపించి, అదయ్యాక ఈ పుస్తకంలోంచి ఒక పేజీ పైకి చదివేవాణ్ణి. నాలుగువందల ఏళ్ళ కిందట స్ట్రాస్‌బర్గ్ ఊళ్ళో ఒకాయన డబ్బున్నవాళ్ళకి వార్తలు చేత్తో రాయించి పంపి, విసిగి, అచ్చుయంత్రం మీద మొట్టమొదటి పేపరు వేశాడని చదివితే, "చెయ్యి లాగేసుంటాది పాపం, పెళ్ళాం కొబ్బరినూనె రాసిందాండీ?" అంది. రాసిందన్నాను. కలకత్తాలో మన దేశపు మొదటి పేపరాయన దొరల మీద రాసి జైలుకెళ్ళి, అక్కడినుంచీ పేపరు నడిపాడంటే ఆ పూట పని మానేసి కూర్చుంది. చివరికి ఆయన అచ్చక్షరాలు దొరలు పట్టుకుపోయిన పేజీ మాత్రం చదవనివ్వలేదు. సంగతేమిటో చెప్పగానే వద్దంది గనుక ఆ పేజీ బంకతో అతికించాను. ఎవరూ విప్పరాదు.

3. లండన్ కాఫీ కొట్లలో ఒక్క పేపరు చుట్టూ పదిమంది చేరేవారని చదువుతూ, "అంబాజీపేట రామ్మూర్తి అనే వర్తకుడు అక్కడా కాఫీ డబ్బులు ఎగ్గొట్టెను" అని సొంతంగా ఒక ముక్క కలిపాను. ఎవరో చేరవేస్తే బావగారు ఊగిపోతూ వచ్చి, "ఏ పేజీలో ఉందయ్యా? చూపించు, దావా వేస్తాను!" అన్నారు. "మూడొందల ఏళ్ళ నాటి సంగతండీ, సాక్షులెవరూ మిగల్లేదు" అన్నాను. అప్పటినుంచీ మాటల్లేవు. నేను పోతే షెడ్డు పడగొట్టి షట్టర్ల కొట్లు కట్టిద్దామని సత్యదుర్గతో అంటున్నారట. మరి పేపరు వినేవాళ్ళో అని తను అడిగితే, ఫోన్లో వింటారన్నారట. సూరమ్మ అడిగితే ఆగి జవాబు చెప్పే ఫోను ఇంకా రాలేదు.

4. కావున సదరు షెడ్డును రామ్మూర్తి గారికే రాసి ఇస్తున్నాను. షరతు ఒక్కటే. రోజూ పొద్దున్న అక్కడ పేపరు ఆయనే పైకి చదవాలి. చదవడం మానినా, షెడ్డు పడగొట్టినా అది పనివాళ్ళ ఉమ్మడి ఆస్తి అగును. మానారో లేదో తేల్చేది సూరమ్మ.

ఇది కక్షతో రాసింది కాదు. మాటల్లేని ఈ కాలమంతా బావగారు కొబ్బరిపీచు గుట్ట వెనక నిలబడి విన్నారు. ఎవరూ చూడలేదనుకున్నారు. ఆయన చెప్పుల చప్పుడు అయ్యేదాకా సూరమ్మ నన్ను మొదలెట్టనిచ్చేది కాదు. "ఆగండి బాబూ, పెద్దాయన ఇంకా రాలేదు" అనేది.

బావగారూ, ఆ గుట్ట వెనక తేళ్ళుంటాయి. ఇవతలికి వచ్చి కూర్చోండి.

2024 జూలై 10, అంబాజీపేట.

(సంతకం) పెచ్చెట్టి వీరవెంకటరమణ

సాక్షులు: ఆంజనేయప్రసాద్, లారీ బుకింగు గుమాస్తా
సురేష్, పేపరు ఏజెంటు